ఏడు రిహార్సళ్లు

ఆ ఎండాకాలం మూడు వారాలపాటు నేను ఒకే ఒక్క వార్తను నవ్వు తగ్గించుకుని చెప్పడం నేర్చుకున్నాను. నేర్పినవారు కామేశ్వరరావు గారు, మా కంపెనీ కమ్యూనికేషన్స్ విభాగానికి పెద్ద. నేర్చుకున్న చోటు రాయదుర్గం మెట్రో స్టేషన్ పక్కన మా ఆఫీసు టవర్లో పన్నెండో అంతస్తు, కిటికీలు లేని స్టూడియో గది. బయట నలభై మూడు డిగ్రీల ఎండ కాస్తుంటే లోపల ఏసీకి వణుకుతూ శాలువా కప్పుకుని కూర్చునేదాన్ని. కెమెరా ఆన్ చేయగానే తీసి కుర్చీ కింద పడేసేదాన్ని.

నా పనేమిటో చెప్పాలి. కంపెనీలో నాలుగు వేలమందికి ఆన్‌లైన్లో ఏ కార్యక్రమం జరిగినా తెరమీద ముందు కనిపించే మొహం నాది. స్వాగతం చెప్పడం, పెద్దవాళ్లను మాట్లాడమని పిలవడం, ఉద్యోగులు పంపిన ప్రశ్నలు చదవడం, చివర్లో ధన్యవాదాలు. ఉగాదికీ నేనే, ఉత్తమ ఉద్యోగి బహుమతులకీ నేనే. లిఫ్టులో ముక్కూ మొహం తెలియనివాళ్లు "మీరు ఉమాశ్రీ కదా" అని పలకరిస్తే ఆ రోజంతా నాకు గాల్లో తేలినట్టుండేది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచానని అనుకోవద్దు.

ఏప్రిల్ చివరి సోమవారం కామేశ్వరరావు గారు నన్నూ, కెమెరాలు చూసే అజయ్‌నీ పిలిచి చెరో కాగితం ఇచ్చారు. మే మూడో బుధవారం జరగబోయే కార్యక్రమంలోని విషయాలు బయటివాళ్లకీ, ఇంట్లోవాళ్లకీ చెప్పబోమని అందులో ఉంది. చెబితే ఉద్యోగం పోతుందనీ, కోర్టు దాకా కూడా వెళ్లొచ్చనీ కింద చిన్న అక్షరాల్లో ఉంది. ఇద్దరం సంతకాలు పెట్టేశాం. ఈ ఐటీ కారిడార్లో ఇలాంటి కాగితాలమీద సంతకాలు పెడుతూనే ఉంటాం, చదివేదెవరు.

మొదటి రిహార్సల్‌కి ఎండీ రాలేదు. ఆయన చివరి రెండింటికే వస్తారు. అందాకా ఆయన మాటలు ఎవరో ఒకరు చదవాలి కాబట్టి అజయ్ చేత చదివించారు. అజయ్‌ది సిద్దిపేట వైపు, కాంట్రాక్టు మీద పనిచేస్తాడు. ఇంగ్లీషులో ఉన్న ఆ ప్రసంగాన్ని అతను కూడబలుక్కుంటూ, మధ్యలో నీళ్లు తాగుతూ చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. నాలుగో పేరాకి వచ్చేసరికి నవ్వు పోయింది. కంపెనీ తన ఆరోగ్య విభాగాన్ని మూసేస్తోంది. ఏడో అంతస్తు మొత్తం, రెండువందల పన్నెండు మంది.

నా భర్త రవికిరణ్ ఏడో అంతస్తులోనే పనిచేస్తాడు.

ఆ సంగతి కామేశ్వరరావు గారికి తెలుసు. అజయ్ లైట్లు సర్దుతుండగా నా దగ్గరికొచ్చి, "మీ మీద నమ్మకంతోనే మిమ్మల్ని పెట్టుకున్నామండి. మీ పేరు ఏ లిస్టులోనూ లేదు. అది గుర్తుంచుకోండి, చాలు" అన్నారు. గొంతులో బెదిరింపేమీ లేదు. టీ తాగుతారా అని అడిగినంత మామూలుగా అన్నారు.

తర్వాత అసలు పాఠం మొదలుపెట్టారు. ఎండీ ఆ మాట చెప్పాక నేను నాలుగు సెకన్లు ఆగాలి. రెండే ఆగితే మనసు లేనట్టుంటుంది, ఆరు ఆగితే చూసేవాళ్లు ఒకళ్లకొకళ్లు ఫోన్లు చేసుకోవడం మొదలుపెడతారు. నవ్వు పూర్తిగా తీసేయకూడదు, సగానికి తగ్గించాలి. చీర వద్దు, లేత నీలం కుర్తా. తెరమీద ఒక పక్కన హాజరైనవాళ్ల సంఖ్య సున్నా అని కనిపిస్తోంది. మేము అసలు బటన్ నొక్కేదాకా బయటివాళ్లెవరూ లోపలికి రాలేరు, మమ్మల్ని చూడలేరు. నేను ఆ సున్నాను చూస్తూ మనసులో నాలుగు లెక్కపెట్టాను. బాగుందండి, ఇంకోసారి, అన్నారు కామేశ్వరరావు గారు.

మా ఇల్లు మదీనాగూడలో, ముంబై హైవేకి కాస్త లోపలగా. నేనూ, కిరణ్, మా అత్తమ్మ పద్మావతీ ఉంటాం. వాళ్లది ధర్మవరం. అత్తమ్మకు చదువు రాదు. బీపీకీ షుగర్‌కీ మోకాళ్లకీ కలిపి ఐదు రకాల మాత్రలు వేసుకోవాలి. కిరణ్ వాళ్ల టీము మూడేళ్లుగా తయారుచేస్తున్న యాప్ ఆమెలాంటివాళ్ల కోసమే. మాత్రల అట్టకి ఫోన్ కెమెరా చూపిస్తే అది ఏ మాత్రో, ఎప్పుడు వేసుకోవాలో తెలుగులో చెబుతుంది. జూలైలో అందరికీ అందుబాటులోకి తేవాలని వాళ్ల పట్టుదల. ముందుగా వాడి చూసేవాళ్లలో మా అత్తమ్మ ఒకరు. ఆ గొంతును ఆమె పిల్ల అనేది. "పిల్ల చెప్పింది, ఇది అన్నం తిన్నంక ఏసుకోవల్లంట" అని మాకు చెప్పి, ఫోన్ వైపు తిరిగి మంచిదమ్మా అని జవాబు కూడా ఇచ్చేది. కిరణ్ అప్పుడు చేస్తున్న పని ఆపి ఆమెను చూసేవాడు. తొమ్మిదేళ్ల కాపురంలో అతని మొహం అంత తృప్తిగా ఉండటం నేను ఇంకెప్పుడూ చూడలేదు.

మొదటి రిహార్సల్ జరిగిన వారంలోనే కిరణ్‌కి చెన్నై కంపెనీ ఒకటి ఉద్యోగం ఇస్తామంది. అతను వెతుక్కోలేదు, పాత స్నేహితుడెవరో పేరు చెబితే వాళ్లే పిలిచారు. ఆరు నెలలు అక్కడ ఉండాలి, ఆ తర్వాత హైదరాబాద్ నుంచే చేసుకోవచ్చు. తర్వాతి శుక్రవారం సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి.

ఆ వార్త విన్నప్పుడు నాకు గుండెలమీంచి బరువు దించినట్టయింది. ఇక నేను చెప్పాల్సిన అవసరమే లేదు, తనే వెళ్లిపోతాడు అనుకున్నాను. కానీ కిరణ్ ఊగిసలాడాడు. మంగళవారం అన్నాలు తింటున్నప్పుడు అత్తమ్మ అడిగింది, మద్రాసుకు పోతాండావా లేదా అని. అతను అన్నం కెలుకుతూనే అన్నాడు.

"జూలై దాకా ఉంటే పని ఒక ఒడ్డుకు చేరుతుంది. ఇప్పుడు వదిలేసి పోతే అమ్మకేం చెప్పేది ఉమా? రోజూ మాత్ర వేసుకునే ముందు దాన్నే అడుగుతాంది. సగంలో వదిలేసినానని చెప్పల్లనా?"

ఆ మాట నన్ను చూసి అన్నాడు. నేను పెరుగు గిన్నె అందుకుని అతనికి పెరుగు వేశాను.

మర్నాడు మూడో రిహార్సల్. ప్రశ్నలు తెరమీదికి సరిగ్గా వస్తున్నాయో లేదో చూడాలని, ఉద్యోగిలాగా ఏదైనా ఒకటి టైపు చేయమన్నాడు అజయ్. ఇలాంటప్పుడు మేము ఎప్పుడూ టెస్ట్ వన్ టూ త్రీ అని కొడతాం, లేకపోతే భోంచేశారా అని. అయ్యాక తుడిచేస్తాం. ఆ రోజు నేను కిరణ్ మాటను ఇంగ్లీషులో టైపు చేశాను. మా అమ్మ రోజూ మాత్ర వేసుకునే ముందు ఈ యాప్‌నే అడుగుతుంది, ఇప్పుడు ఆమెకు నేనేం చెప్పాలి, అని. తెలియకుండా వేళ్లు కొట్టేశాయని చెప్పుకుంటే బాగుంటుంది. తెలిసే కొట్టాను. ఆ మాట ఆ గదిలో ఎవరికైనా తగులుతుందేమో చూడాలనిపించింది.

తగిలింది. కామేశ్వరరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఎవరు రాశారండి ఇది అని అడిగారు. నేనే, ఊరికే టెస్ట్ కోసం, అన్నాను.

"ఎంత బాగుందండి. ఇలాంటిదొకటి లేక ప్రోగ్రాం అంతా పొడిగా ఉంది. పేరు లేకుండా మొదటి ప్రశ్నగా ఇదే పెడదాం." మళ్లీ నా వైపు చూశారు. "ఇది ఎవరైనా మీతో అన్న మాటాండి?"

"కాదండీ" అన్నాను. "ఊహించి రాశాను."

"మీలో రచయిత్రి ఉన్నారండి" అన్నారు ఆయన. ఆ సాయంత్రమే ఆ ప్రశ్న స్క్రిప్టులో చేరింది. దాని కింద ఎండీ చెప్పాల్సిన జవాబు కూడా కామేశ్వరరావు గారే రాశారు.

గురువారం నాలుగో రిహార్సల్ అయ్యాక అజయ్ స్టూడియో బయట డబ్బా విప్పి తింటున్నాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. కొత్త ఉద్యోగం దొరికి వాళ్ల చెల్లెలు స్వప్న పంపిన స్వీటు అని ఒక ముక్క నా చేతిలో పెట్టాడు. స్వప్న ఏడో అంతస్తు క్యాంటీన్లో చేస్తుంది కదా అన్నాను.

"చేస్తుండె మేడం. అంతస్తే మూస్తరంటే ఇగ క్యాంటీనేముంటది. మొన్ననే చెప్పిన, వేరే జాగ చూసుకొమ్మని. కొండాపూర్ల ఓ హాస్టల్ల వంటకు కుదిరింది."

"కాగితం మీద సంతకం పెట్టావు కదా అజయ్?"

"పెట్టిన మేడం. చెల్లె కంటె సంతకమెక్కువనా?" ఇంకో ముద్ద తిని, నా మొహం చూసి, "మీరు కిరణ్ సార్‌కు చెప్పిండ్రు గదా?" అన్నాడు.

చెప్పాను అన్నాను. స్వీటు చాలా బాగుందని కూడా అన్నాను.

శుక్రవారం కిరణ్ ఇంటి నుంచే పనిచేస్తున్నాడు. నేను నాలుగింటికే క్యాబ్ పట్టుకుని బయల్దేరాను. చెప్పేయాలనే బయల్దేరాను. కొత్తగూడ దాటి కొండాపూర్ మీదుగా హఫీజ్‌పేట ఫ్లైఓవర్ ఎక్కేలోపు ఎలా చెప్పాలో నాలుగు రకాలుగా అనుకున్నాను. మూడోది బాగా కుదిరింది. చెన్నై వెళ్లు కిరణ్, ఎందుకని అడగొద్దు. అంతే. అందులో కాగితానికి తగిలే మాట ఒక్కటి కూడా లేదు.

ఇంటికెళ్లేసరికి కిరణ్ బాల్కనీలో ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. అత్తమ్మ కింద కూర్చుని బేనీషా మామిడిపండ్లు కోస్తోంది. నేను చెప్పులు విప్పుతుండగానే అతను అడిగాడు.

"వాళ్లకు ఆరింటికల్లా చెప్పల్ల. నాకేం తోచడం లేదు. నువ్వు పో అంటే పోతాను ఉమా."

నేను ఆగాను. తర్వాత, "నీ ఇష్టం కిరణ్. నీ మనసుకు ఏది మంచిదనిపిస్తే అది చెయ్యి" అన్నాను.

కాగితానికి భయపడ్డానని ఆ తర్వాత చాలామందికి చెప్పాను. భయపడిన మాట నిజమే. ఆరు నెలలు అత్తమ్మను ఒక్కదాన్నే చూసుకోవాలన్న బెంగ ఉండిందని మా అమ్మతో అన్నాను. అదీ కొంత నిజం. కానీ ఆ బాల్కనీలో నా కళ్లముందు మెదిలింది ఆ రెండూ కాదు. ఎండీ పక్కన తెరమీద నేను, నాలుగు వేలమంది చూపు నామీద. ఇంతవరకు ఆయన పక్కన ఎవరినీ కూర్చోబెట్టలేదు. ఎందుకు వెళ్లమంటున్నావని కిరణ్ అడిగితే, అది ఎక్కడైనా పొక్కితే, ఆ కుర్చీ నాకు ఉండదు. సిగ్గుమాలిన మాటే, కానీ ఉన్నది అదే.

ఐదూ నలభైకి కిరణ్ చెన్నైవాళ్లకు రాలేనని మెయిల్ పంపి ల్యాప్‌టాప్ మూసేశాడు. అత్తమ్మ పండు ముక్క అతని నోటికందించి, పోకుంటే బాగైందిలేప్పా, ఆ ఊర్లో ఉక్క, అంది. నాకూ ఒక ముక్క ఇచ్చింది. చాలా తీపిగా ఉంది. ఆ సంవత్సరం కాయంతా తీపే.

ఆరో రిహార్సల్‌కి ఎండీ వచ్చారు. మంచి మనిషే, అజయ్‌ని కూడా పేరు పెట్టి పలకరించారు. మొదటి ప్రశ్నకి జవాబు చెప్పేటప్పుడు చెయ్యి గుండెమీద పెట్టుకుంటే బాగుంటుందని కామేశ్వరరావు గారు చూపించారు. మొదటిసారి చెయ్యి మరీ కిందికి వచ్చింది. రెండోసారి మైకుకు తగిలి చప్పుడైంది. మూడోసారికి కుదిరింది. ఏడో రిహార్సల్ బుధవారం ఉదయం. అది అవగానే కామేశ్వరరావు గారిని పక్కకు పిలిచి ఆ ప్రశ్న తీసేద్దామండీ అన్నాను. ఆయన ఆశ్చర్యపోయారు. మొత్తానికి అదే కదండీ ప్రాణం, ఇప్పుడు తీస్తే ఎండీ గారు తడబడతారు, పేరు కూడా లేదు, ఎవరికి తెలుస్తుంది అన్నారు. కిరణ్ పేరు చెబితే ఆయన తీసేసేవారేమో. నేను చెప్పలేదు. మంచినీళ్లు తాగి కుర్చీలో కూర్చున్నాను.

ఆ రోజు ఏడో అంతస్తు వాళ్లందరినీ ఇంటినుంచే పనిచేయమన్నారు, ఎందుకో వాళ్లకు చెప్పలేదు. నాలుగు గంటలకు అజయ్, "మేడం, జనాన్ని లోపలికి ఇడుస్తున్న" అన్నాడు. సున్నా కదిలింది. మూడొందలు, పదిహేనొందలు, మూడువేల తొమ్మిదొందలు. నేను స్వాగతం చెప్పాను. ఎండీ చెప్పాల్సింది చెప్పారు. నేను నాలుగు లెక్కపెట్టాను. నవ్వు సగానికి తగ్గింది. మొదటి ప్రశ్న చదివాను. నా గొంతు వణకలేదు, ఒక్క మాట కూడా తడబడలేదు. వణికి ఉంటే ఈరోజు నన్ను నేను కాస్త క్షమించుకునేదాన్ని. ఎండీ చెయ్యి గుండెమీద పెట్టుకుని, మీ అమ్మగారికి నా తరఫున కృతజ్ఞతలు చెప్పండి, ఆమె వల్ల మేం చాలా నేర్చుకున్నాం అన్నారు.

అయిపోయాక కామేశ్వరరావు గారు అందరితో చేతులు కలిపారు. ఎక్కడా ఇబ్బంది లేకుండా జరిగిందండి, అంతా మీ చలవే అన్నారు. అజయ్ వైర్లు చుడుతూ, "కిరణ్ సార్ ముందే వేరేకాడ చూసుకున్నడు గదా మేడం, మంచిగైంది" అన్నాడు. అవునన్నట్టు తలూపి బ్యాగు తీసుకున్నాను.

తలుపు తీసింది అత్తమ్మ. మొహం వెలిగిపోతోంది.

"ఉమా, మీ పెద్దసారు నాకు థ్యాంక్స్ చెప్పినాడంట గదా. ఎదమీద చెయ్యి పెట్టుకున్యాడు. అదంతా ఇంగ్లీషాయె, ఏమంటాండాడురా అని అడిగితే, నీకు థ్యాంక్స్ చెప్తాండారమ్మా అన్యాడు కిరణ్. నువ్వే చదివినావంట గదా నా సంగతి."

ఆమెకు అంతకుమించి అతనేమీ చెప్పలేదని అర్థమైంది. కిరణ్ బాల్కనీలో ఉన్నాడు. అదే కుర్చీ. ల్యాప్‌టాప్ లేదు. అప్పటికే వాళ్ల లాగిన్లు ఆపేశారు. నేను గడప దగ్గరే నిలబడ్డాను. అరుస్తాడనుకున్నాను, అరిస్తే ఏం చెప్పాలో కూడా దారిలో అనుకున్నాను. అతను రోడ్డు వైపే చూస్తూ అడిగాడు.

"ఎన్నిసార్లు చేసినారు రిహార్సల్?"

"ఏడు."

"నా మాట ఎన్నోదాంట్లో పెట్టినారు?"

"మూడోదాంట్లో. నువ్వు అన్న మర్నాడే."

లెక్క వేసుకున్నాడు. నాకు తెలుస్తూనే ఉంది, వేళ్లు కదులుతున్నాయి. "అంటే నేను మెయిల్ పెట్టక ముందే" అన్నాడు. నేను ఊ అన్నాను.

"ఆ పొద్దు ఈడనే నిన్ను అడిగితే జవాబు చెప్పే ముందు ఆగినావు. ఆలోచిస్తాందిలే అనుకున్యా. ఈ పొద్దు తెరమీద గూడా సరిగ్గా అంతసేపే ఆగినావు."

లేచి లోపలికెళ్లి అత్తమ్మకు నీళ్లు తెచ్చిచ్చాడు.

చెన్నైవాళ్లు అప్పటికే వేరే మనిషిని తీసుకున్నారు. నెల తర్వాత కిరణ్‌కి జీడిమెట్లలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో, సరుకు ఎంత వచ్చింది ఎంత పోయింది చూసే కంప్యూటర్ల దగ్గర పని దొరికింది. పొద్దున ఏడింటికి వెళ్తాడు, వచ్చేసరికి చొక్కా ఘాటు వాసన వేస్తుంది. నాతో మాట్లాడటం మానేయలేదు. మానేస్తే బాగుండేది, గొడవ పడటానికైనా ఏదో ఒకటి ఉండేది. గ్యాస్ అయిపోయిందని చెబుతాడు, కరెంటు పోయిందని చెబుతాడు. కానీ అన్నం తింటూ "మా ఫ్యాక్టరీలో ఒకాయన" అని మొదలుపెట్టి, తలెత్తి నన్ను చూసి, పప్పు వెయ్యి అంటాడు. తన మనసులో మాట నాముందు అనడం లేదు. అంటే అది రేపు ఎక్కడ చదువుతానో అని కాబోలు. నన్ను ఆఫీసులో పై మెట్టుకు తీసుకున్నారు. లిఫ్టులో ఇప్పటికీ పలకరిస్తారు, ఏడో అంతస్తు వచ్చినప్పుడు మాత్రం నేను ఫోన్ చూసుకుంటాను. ఆ బటన్ నొక్కేవాళ్లు ఇప్పుడెవరూ లేకపోయినా.

యాప్ జూన్ ఆఖరు దాకా నడిచింది. జూలై మొదటి రోజు పొద్దున అత్తమ్మ మాత్రల అట్టకి ఫోన్ చూపించి కూర్చుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది, కళ్లజోడు తుడిచినట్టు ఫోన్‌ని చీరకొంగుతో తుడిచింది. పిల్ల పలకలేదు. కిరణ్ బూట్లు వేసుకుంటున్నాడు.

"ఏమైందప్పా దీనికి? మాట్లాడేల్యా."

అతను తల పైకెత్తలేదు. లేసులు ముడేసుకుంటూ, "ఉమాను అడుగమ్మా. ఆమెకు అన్నీ ముందే తెలుస్తాయి" అన్నాడు. డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

అత్తమ్మ నావైపు చూసింది. మూసేశారత్తమ్మా, అది ఇక మాట్లాడదు అన్నాను. మీ పెద్దసారు థ్యాంక్స్ చెప్పినాడే మరి, అంది ఆమె. ఎదమీద చెయ్యి కూడా పెట్టుకున్యాడే అంది. నేను ఆమె చేతిలోంచి అట్ట తీసుకున్నాను. ఇది బీపీది, పొద్దున టిఫిన్ తిన్నాక ఒకటి, అని చదివాను. ఇంకోసారి చెప్పమంది. ఇంకోసారి చదివాను.